ఎపిసోడ్ 41: నీళ్లు, బొగ్గు, కరెంటు... మళ్లీ పవర్‌హౌసే

ప్రవీణ్: ఆన్ అయిందా? హా, అయింది. నమస్తే అందరికీ. పోయిన వారం డ్రమ్ము సంగతి ఏమైందని చాలామంది అడిగారు. దాని గురించి మాట్లాడం.

సునీత: అస్సలు మాట్లాడం.

ప్రవీణ్: ఇవాళ టాపిక్ పెద్దది. హైదరాబాద్ ఆఫీసుల మీదే బతక్కుండా, జిల్లాల్లో ఉన్న నీళ్లు, కరెంటు, భూమిలో ఉన్న సరుకుతో నాలుగు రకాల పనులు ఎలా పుట్టించాలి? ముందు నీళ్లు. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. నీళ్లొచ్చాయి కాబట్టి చెరకు, చెరకు వచ్చింది కాబట్టి బోధన్‌లో షుగర్ ఫ్యాక్టరీ. నీళ్లు అయిపోయాయి.

సునీత: రెండు ముక్కల్లో తేల్చేశావా!

ప్రవీణ్: కరెంటుకు రావాలి కదా. కరెంటంటే ముందుగా హుస్సేన్‌సాగర్ పవర్‌హౌస్...

సునీత: మొదలైంది. శ్రోతలు టైమ్ నోట్ చేసుకోండి.

ప్రవీణ్: ఒక్క నిమిషం! చెరువులో నీళ్లు, సింగరేణి బొగ్గు, ఊరి నడుమ కరెంటు. నిజాం కాలంలోనే. ఇప్పుడు ఎన్టీఆర్ గార్డెన్స్ వైపు వెళ్తే అక్కడ పవర్‌హౌస్ ఉండేదని ఒక్క పిల్లాడికీ తెలియదు.

సునీత: బొగ్గు ఎవరిది? మాది. 1889 నుంచి ఇల్లందు దగ్గర తవ్వుతూనే ఉన్నాం. మీరు లైట్లు వేసుకున్నారు. నువ్వు అడిగిన నాలుగు రకాల పనులు నిజంగా ఎక్కడ పుట్టాయో చెప్పనా? పాల్వంచలో.

ప్రవీణ్: కొత్తగూడెం బస్సెక్కించింది.

సునీత: ఎక్కిస్తా, కూర్చో. పక్కన కొత్తగూడెం బావులు. కిన్నెరసాని మీద డ్యామ్. ఆ బొగ్గు, ఆ నీళ్లతో కేటీపీఎస్, అంటే కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్, కరెంటు. కరెంటు దగ్గర్లో ఉందని ఫెర్రో అల్లాయ్స్, అంటే ఉక్కు తయారీలో కలిపే ఇనుప మిశ్రమాల ఫ్యాక్టరీ వచ్చింది. ఆ కొలుముల్లో ముడి ఖనిజాన్ని కరెంటుతోనే కరిగిస్తారు, ఖర్చంతా కరెంటు బిల్లే. తర్వాత స్పాంజ్ ఐరన్. దాంట్లో ఇనుప రాయిని కరిగించరు, బొగ్గుతో కలిపి కాల్చి అందులోని ఆక్సిజన్ తీసేస్తారు. ఇవన్నీ ఒక్క ఊరి చుట్టూనే. ఏ కన్సల్టెంటూ రిపోర్టు రాయలేదు.

ప్రవీణ్: ఆగు. నువ్వు బావి అంటే మా నల్లగొండ అమ్మమ్మ మోటార్ వేయడానికి లేస్తుంది.

సునీత: [నవ్వు] మాకు బావి అంటే బొగ్గు బావే. మా నాన్న బావికి వెళ్లాడంటే ఫస్ట్ షిఫ్ట్ అని అర్థం.

ప్రవీణ్: సరే, కానీ నాకో డౌటు. నాలుగు ఫ్యాక్టరీలున్నా అన్నీ ఒక్క బొగ్గుకే వేలాడుతుంటే అది రకరకాల ఎకానమీ ఎలా అవుతుంది? ఒకే కొమ్మకు నాలుగు ఉయ్యాలలు కట్టినట్టు కాదా?

సునీత: ఉయ్యాల మాట బాగుంది గానీ, కాదు. బావిలో పని లేనివాడికి పక్క ఫ్యాక్టరీలో పని ఉండేది. వెల్డర్, ఫిట్టర్, లారీ డ్రైవర్, టిఫిన్ బండి...

ప్రవీణ్: ఇప్పుడుందా?

సునీత: ...

ప్రవీణ్: అడుగుతున్నా అంతే.

సునీత: చెప్తా. తొంభైల మొదట్లో సింగరేణిలో లక్ష మందికి పైగా పనిచేసేవాళ్లు, బొగ్గు ఏడాదికి 2 కోట్ల టన్నుల చుట్టుపక్కల. 2023-24కి బొగ్గు 7 కోట్ల టన్నులు, మనుషులు 40 వేల చుట్టుపక్కల. భూగర్భ బావులు తగ్గి ఓపెన్‌కాస్ట్‌లు, అంటే పైనుంచే మట్టి తీసి తవ్వే ఓసీ గనులు, పెరిగాయి. ఓసీలో షావెళ్లు, డంపర్లు ఉంటే చాలు. మా స్కూల్ బ్యాచ్‌లో బావికి వెళ్లింది ఇద్దరే. మిగతావాళ్లం ఇక్కడే కూకట్‌పల్లి హాస్టళ్లలో తేలాం.

ప్రవీణ్: హ్మ్.

సునీత: 2024లో పాత కేటీపీఎస్ కూలింగ్ టవర్లు కూల్చిన వీడియో చూశావా? ఒకదాని వెనక ఒకటి కూర్చున్నట్టు కూలిపోయాయి. నేను ఐదారుసార్లు చూశా. ఎందుకో తెలీదు.

ప్రవీణ్: హుస్సేన్‌సాగర్ పవర్‌హౌస్‌ని కూల్చినప్పుడు వీడియో కూడా లేదు.

సునీత: ప్రవీణూ!

ప్రవీణ్: సారీ, సారీ. మరి ఏం చేయాలి? విభజన చట్టంలో ఖమ్మం జిల్లాకు ఉక్కు ఫ్యాక్టరీ సంగతి పరిశీలించమని రాశారు కదా. బయ్యారం.

సునీత: ఆ పేరెత్తితే మనకు రాసే ఖమ్మం అన్నయ్య నుంచి ఆరు పేజీల మెయిల్ వస్తుంది, చూసుకో. పోనీ కొత్త కరెంటు సంగతి చూడు. రామగుండంలో ఎన్టీపీసీ రిజర్వాయర్ నీళ్ల మీద 100 మెగావాట్ల సోలార్ తేలుతోంది. బాగుంది. దాన్ని తుడవడానికి ఎంతమంది కావాలి?

ప్రవీణ్: ఉద్యోగాలు లెక్కపెడితే ఏ కొత్త కరెంటూ నీకు నచ్చదు.

సునీత: నచ్చదని అన్నానా? కరెంటు అమ్ముకుని ఊరుకోకుండా, దాంతో పక్కనే ఏదో ఒకటి తయారుచేయండి అంటున్నా. పాల్వంచలో చేసింది అదే. అసలు మా ఊళ్లో ఫెర్రో ముందా, స్పాంజ్ ముందా? నేను ఫెర్రో ముందనేశా, తప్పయితే అన్నయ్య ఊరుకోడు.

ప్రవీణ్: ఫెర్రోనే ముందు. డెబ్బైల్లోనే.

సునీత: నీకెలా తెలుసు? ఆగు, నాన్నకు చేస్తా... రింగవుతోంది... ఎత్తట్లేదు. వాకింగ్‌లో ఉంటాడు.

ప్రవీణ్: స్పీకర్‌లో పెట్టు.

సునీత: పెట్టా. ఎత్తట్లేదంటే వినవేం? రికార్డింగ్ ఇంకా నడుస్తోందా?

ప్రవీణ్: నడుస్తోంది. నేనైతే నోట్స్‌లో ఇంకా రెండో పాయింట్‌లోనే ఉన్నా.

సునీత: ఆపేయ్, టీ పెడతా.