మిస్సింగ్ ఎప్పుడు కొడుతోంది?
శ్రీకాకుళంలో పాత కార్ల యజమానులు, కుర్ర మెకానిక్కుల ముందు చేసిన ప్రసంగం

అందరికీ నమస్కారం. బయట బండి సిద్ధంగా ఉంది, కాబట్టి ఉపోద్ఘాతాలు పెట్టుకోను.

మన షెడ్లలో తరచూ వినే మాట ఒకటుంది: "మేస్త్రీ, బండి మిస్సింగ్ కొడతంది, ప్లగ్గులు మార్చీ." మిస్సింగ్ అంటే ఇంజన్లో ఏదో ఒక సిలిండర్ మండాల్సినప్పుడు మండకపోవడం. రోగమూ మందూ రెండూ బండాయనే చెప్పేశాడు. మనం మార్చేస్తాం. తగ్గదు. ఆ తర్వాత ప్లగ్ వైర్లు, ఆపైన స్పార్క్‌కి వోల్టేజీ పెంచే కాయిల్, ఆఖరికి పెట్రోలు పంపు. బిల్లు పెరుగుతుంది, ఇంజను మాత్రం అలాగే కుదుపుతూ ఉంటుంది. నన్నడిగితే బానెట్ ఎత్తకముందే అడగాల్సింది ఒక్కటే: ఎప్పుడు? పొద్దున్న చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఐడ్లింగ్‌లోనా, ఎత్తు ఎక్కేటప్పుడా? వాన పడ్డాకా? పెట్రోలు మీదా, గ్యాసు మీదా?

మిస్సింగ్ అంటే ఎంత నష్టమో ముందు లెక్కేద్దాం. మారుతి 800 తీసుకోండి. 796 సీసీ, మూడు సిలిండర్లు. ఫోర్ స్ట్రోక్ ఇంజను కాబట్టి ఒక్కో సిలిండర్ రెండు చుట్లకోసారి మండాలి. ఐడ్లింగ్ నిమిషానికి 900 చుట్లు అనుకుంటే ఒక్కో సిలిండర్‌ది 450 సార్లు. ఒకటి పడుకుందంటే బలంలో మూడో వంతు పోయినట్టే. నాలుగు సిలిండర్ల శాంత్రోలోనో జెన్‌లోనో అయితే పోయేది నాలుగో వంతు, అందుకే చాలామంది ఏసీ వేసేదాకా పసిగట్టరు. అలాగని కుదిపిన ప్రతి బండీ మిస్సింగ్ కొడుతున్నట్టు కాదు. ఇంజను మౌంటింగ్ రబ్బరు చచ్చినా కుదుపుతుంది, కాకపోతే ఆ కుదుపు ఒకే తీరున ఉంటుంది. సైలెన్సర్ మూతి దగ్గర, వెనకగా చెయ్యి పెట్టి చూడండి. మిస్సింగ్ ఉంటే వచ్చే గాలి మధ్యమధ్యలో తడబడుతుంది.

మన జిల్లాలో నేను ఎక్కువ అనుమానించేది వాన తర్వాత వచ్చే మిస్సింగ్‌నే. కళింగపట్నం, భావనపాడు వైపు తిరిగే బళ్లకి ఉప్పు గాలి రోజూ తగులుతుంది. కనెక్టర్లలో పచ్చటి పొడి పడుతుంది, ఎర్త్ పట్టీ తుప్పు పడుతుంది. కార్బొరేటర్ రోజుల 800 అయితే డెల్కో, అంటే ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్, మూత విప్పి, తుడిచి, సెల్‌ఫోన్ లైటు ఏటవాలుగా వేసి లోపల చూడండి. రెండు టెర్మినళ్ల మధ్య పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత కనిపిస్తే అది మురికి కాదు, కరెంటు వేసుకున్న అడ్డదారి. ప్లగ్‌కి పోవాల్సిన స్పార్క్ ఆ గీత మీంచి పక్కకి పారిపోతోంది. తేమ తగిలినప్పుడు ఇంకా సులువుగా పారిపోతుంది. గుడ్డతో తుడిస్తే పోదు. ఎమరీ పేపరుతో గీకితే మళ్లీ వాన దాకా ఆగుతుందేమో. మూత మార్చాల్సిందే.

మూత బాగుంటే చీకటి పడ్డాక ఇంజను నడుస్తుండగా ప్లగ్ వైర్ల మీద సన్నగా నీళ్లు స్ప్రే చేయండి. కరెంటు లీకయ్యే చోట నీలం మిణుకులు కనిపిస్తాయి. చెయ్యి మాత్రం పెట్టొద్దు. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఈ పరీక్షకి దూరంగా ఉండాలి. కోతల కాలంలో కళ్లాల పక్కన ఆపే బళ్లకైతే ఎలుకలు కొరికిన వైర్ల కోసం కూడా చూడండి. ఇక 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పటిలా నీళ్లలో మునిగిన బండి సంగతి వేరు. దాన్ని అసలు సెల్ఫ్ కొట్టకూడదు. సిలిండర్లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

రెండో రకం: ఊళ్లో బాగానే ఉంటుంది, సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతుంటే కొడుతుంది. యాక్సిలరేటర్ నొక్కేకొద్దీ సిలిండర్లో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో ప్లగ్ గ్యాప్ దాటాలంటే స్పార్క్‌కి ఎక్కువ వోల్టేజీ కావాలి. కాయిల్ నీరసపడినా, గ్యాప్ అరిగి పెరిగినా చదును రోడ్డు మీద నెట్టుకొస్తుంది, ఘాట్‌లో చేతులెత్తేస్తుంది. ఫీలర్ గేజ్ పెట్టి గ్యాప్ కొలవండి, ఎంతుండాలో ఆ బండి మాన్యువల్లో ఉంటుంది. ఇక్కడే పెట్రోలు ఫిల్టర్ మూసుకుపోయినా ఇలాగే అనిపిస్తుంది కానీ తేడా ఉంది. స్పార్క్ తప్పితే పదునుగా జర్కు వస్తుంది. పెట్రోలు చాలకపోతే బండి మెల్లగా నీరసించిపోతుంది.

ఐడ్లింగ్‌లో మాత్రమే కొట్టి, రేజ్ చేయగానే సర్దుకుంటే వాక్యూమ్ పైపులు చూడండి. ఒక్కో పైపూ ప్లయర్‌తో మెల్లగా నొక్కితే దేని దగ్గర ఇంజను శబ్దం మారుతుందో అక్కడే దొంగగాలి.

'ఎప్పుడు' తేలాక 'ఏది'. కార్బొరేటర్ బండిలో ఇన్సులేషన్ ఉన్న ప్లయర్‌తో ఒక్కో ప్లగ్ వైరూ తీసి చూస్తాం. ఏ వైరు తీసినా ఇంజను శబ్దం పడిపోవాలి. ఏది తీస్తే తేడా రాదో ఆ సిలిండరే పనిచేయడం లేదు. తీసిన వైరు గాల్లో వదలొద్దు, ఒక స్పేర్ ప్లగ్ తగిలించి ఎర్త్ చేయండి. ఎంపీఎఫ్‌ఐ బండిలో, అంటే కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే బండిలో, వైరు బదులు ఇంజెక్టర్ కనెక్టర్ తీయండి. అప్పుడు ఆ సిలిండర్‌కి పెట్రోలూ ఆగుతుంది, లేకపోతే మండని పెట్రోలు పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్లోకి పోయి అక్కడ మండి దాన్ని కరిగించేస్తుంది. చెక్ ఇంజన్ లైటు మిణుకుమిణుకుమంటే బండి నడపొద్దనేది అందుకే.

పనిచేయని సిలిండర్ ప్లగ్ ఊడదీసి చూడండి. లేత గోధుమ రంగైతే మంచిది. పెట్రోలుతో తడిసి ఉంటే స్పార్క్ రాలేదు. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువైంది. ఆయిల్ జిడ్డు ఉంటే పిస్టన్ రింగులో, వాల్వ్ సీళ్లో అరిగినట్టు.

స్కానర్ ఉన్నవాళ్లకి ఒక మాట. మన దేశంలో ఓబీడీ, అంటే బండి తన లోపాలని తనే కనిపెట్టి కోడ్‌గా చెప్పే ఏర్పాటు, రెండో దశ 2013 ఏప్రిల్ నుంచి తప్పనిసరైంది. అంతకు ముందు బళ్లు చాలావాటిలో మిస్‌ఫైర్ కోడే రాదు, చెవులే దిక్కు. వచ్చిన బండిలోనూ పీ0302 అంటే రెండో సిలిండర్ అని మాత్రమే చెబుతుంది, ఎందుకో చెప్పదు. ఒక్కో ప్లగ్‌కి ఒక్కో కాయిల్ ఉంటే రెండో కాయిల్ తీసి మూడోదాని మీద పెట్టండి. కోడ్ పీ0303కి మారితే కాయిల్ దొంగ. పైసా ఖర్చు లేదు.

పక్కపక్కనున్న రెండో సిలిండరూ మూడోదీ కలిసి పడుకున్నప్పుడు మాత్రం తొందరపడకండి. కొన్ని నాలుగు సిలిండర్ల బళ్లలో ఒకే కాయిల్ రెండోదానికీ, మూడోదానికీ కరెంటిస్తుంది, అది పోయినా ఇలాగే అవుతుంది. ఆ రెండింటి మధ్య హెడ్ గ్యాస్కెట్, అంటే సిలిండర్లకీ పైనున్న హెడ్‌కీ మధ్య ఉండే పలచని సీలు, కాలినా ఇలాగే అవుతుంది. ఒకటి కాయిల్ ఖర్చు, రెండోది హెడ్ దించే ఖర్చు. కంప్రెషన్ గేజ్ పెట్టకుండా ఏ మాటా చెప్పొద్దు. కంప్రెషన్ తక్కువుంటే సిలిండర్లో ఒక చెంచా ఇంజనాయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగితే రింగులు అరిగినట్టు. పెరగకపోతే వాల్వులో, గ్యాస్కెట్టో.

వాల్వ్ అన్నాను కాబట్టి గ్యాస్ కిట్ బళ్ల గురించి కూడా చెప్పాలి. వాల్వ్‌ని నొక్కి తెరిచే టాపెట్ టకటకమంటే మనవాళ్లకి టెన్షన్, మధ్యలో ఉన్న గ్యాప్ తగ్గించి బిగించేయమంటారు. నిజానికి కాస్త శబ్దం చేసే టాపెట్‌తో పెద్ద ప్రమాదం లేదు. నిశ్శబ్దంగా బిగుసుకున్నదే వాల్వ్‌ని తినేస్తుంది, ఎందుకంటే వాల్వ్ పూర్తిగా మూసుకోదు, సీటు మీద కూర్చుని చల్లబడే సమయం దొరకదు. గ్యాసు మీద నడిచే పాత ఇంజన్లలో సీటు అరిగి గ్యాప్ దానంతటదే తగ్గిపోతూ ఉంటుంది. అందుకని వీటికి టాపెట్లు తరచూ కొలవాలి. గ్యాసు మీద మిస్సింగ్ కొట్టి పెట్రోలు మీద బాగుంటే మాత్రం వాల్వుల జోలికి పోకముందు ప్లగ్గులు, కాయిల్, గ్యాస్ ట్యూనింగ్ చూడండి.

బయట గేటు దగ్గరున్న తెల్ల 800 గ్యాస్ బండే. పొద్దున్నుంచీ స్టార్ట్ చేయలేదు, ఇంజను చల్లగా ఉంది కాబట్టి ముందు టాపెట్లు కొలుద్దాం, కంప్రెషన్ వేడెక్కాక చూద్దాం. ఫీలర్ గేజ్ ఎవరి దగ్గరుందో వాళ్లు ముందు రండి.