రబ్బరు లేకుండా పది నిమిషాలు

అందరికీ నమస్కారం.

పక్షుల, జంతువుల బొమ్మలు వేసేవాడిని కాబట్టి, ప్రకృతి మీద నాకు ప్రేమ ఎలా పుట్టిందో చెప్పమన్నారు. నిజం చెప్పాలంటే ముందు పుట్టింది ప్రేమ కాదు, ఉక్రోషం. ఎనిమిదేళ్లప్పుడు ఓ పిచ్చుక బొమ్మ వేశాను. ముక్కు కుదిరింది, రెక్కలు కుదిరాయి. కాళ్ల దగ్గరకొచ్చేసరికి అంతా తేడా కొట్టింది. మనకు వంగినట్టే మోకాలు ముందుకు వంచేశాను. చూస్తే అది పిచ్చుకలా లేదు, పిచ్చుక వేషం కట్టిన మనిషిలా ఉంది. చింపాను, మళ్లీ వేశాను, మళ్లీ చింపాను. కాగితాలు అయిపోయాక కిటికీ దగ్గర కూర్చుని, అసలు పిచ్చుక కాలు ఎటు వంగుతుందో చూడటం మొదలుపెట్టాను. వెనక్కి వంగుతోంది! అది మోకాలు కాదని, చీలమండ అని, అసలు మోకాలు పైన ఈకల్లో దాగి ఉంటుందని చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. కానీ ఆ కిటికీ దగ్గర నుంచి నేను ఇప్పటికీ పూర్తిగా లేవలేదు.

నాలాంటి వాళ్లు ఇంకెవరైనా ఉన్నారా అని తర్వాత వెతుక్కున్నాను. చాలామందే ఉన్నారు.

రోజర్ టోరీ పీటర్సన్ పేరు పక్షుల్ని చూసేవాళ్లకు కొత్త కాదు. 1920లో, పదకొండేళ్ల వయసులో, స్నేహితుడితో తిరుగుతుంటే చెట్టు మానుకు ఆనుకుని గోధుమరంగు ఈకల ముద్ద ఒకటి కనిపించింది. వడ్రంగిపిట్టల జాతికి చెందిన ఫ్లికర్ అది. చచ్చిపోయిందనుకుని వేలితో తాకాడు. అంతే, కళ్లు తెరిచి, రెక్కల కింద పసుపు మెరుస్తుండగా భళ్లున ఎగిరిపోయింది. అలసిపోయి నిద్రపోతోంది పాపం! చచ్చిందనుకున్నది అలా ఎగరడం ఆయన జీవితాంతం మరిచిపోలేదు. 1934లో పక్షుల్ని గుర్తుపట్టడానికి ఒక పుస్తకం వేశాడు. ఏ పక్షికి ఏ గుర్తు చూడాలో చిన్న గీతలతో ఎత్తిచూపించాడు. పక్షిని కాల్చి చేతిలో పట్టుకుని చూడాల్సిన పని లేకుండా, దూరం నుంచే పోల్చుకోవచ్చు. వేలు పెట్టిన పిల్లాడే తర్వాత అందరికీ దూరం నుంచి చూడటం నేర్పాడు. నాకు ఇది భలే నచ్చుతుంది.

ఇక నాకు అందరికంటే ఇష్టమైన మనిషి మరియా సిబిల్లా మెరియన్. 1647లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టింది. మారుతండ్రి పువ్వుల చిత్రకారుడు, కాబట్టి రంగులు ఇంట్లోనే ఉన్నాయి. పదమూడేళ్లకు పట్టుపురుగుల్ని పెంచింది. అప్పట్లో పురుగులు బురదలోంచీ కుళ్లులోంచీ వాటంతటవే పుడతాయని నమ్మేవాళ్లు ఎంతోమంది. ఈ పిల్ల మాత్రం వాటికి ఆకులు వేసి, గూడు కట్టేదాకా, రెక్కల పురుగై బయటికొచ్చేదాకా కాచుకుని కూర్చుంది. పురుగుల్ని పెంచినవాళ్లకు తెలుస్తుంది ఆ పనెంత విసుగో. ఆకు వాడిపోతుంది, పురుగు చస్తుంది, గూట్లోంచి సీతాకోకచిలుకకు బదులు ఏదో ఈగ బయటికొస్తుంది. మళ్లీ మొదటికి రావాలి. ఆమె అలా ఏళ్ల తరబడి చేసింది. పురుగు తినే మొక్కనూ, పురుగునూ, గూడునూ, రెక్కల ప్రాణినీ ఒకే కాగితం మీద వేసింది. ఈరోజు మనకు మామూలుగా అనిపిస్తుంది గానీ, ఒక ప్రాణిని దాని తిండితో, దాని బతుకుతో కలిపి చూడటం ఆ రోజుల్లో కొత్త.

1699లో, యాభై రెండేళ్ల వయసులో, చిన్న కూతుర్ని వెంటబెట్టుకుని ఓడెక్కి దక్షిణ అమెరికాలోని సురినామ్ వెళ్లింది. జబ్బుపడి 1701లో తిరిగొచ్చింది. 1705లో అరవై చిత్రాల పుస్తకం తెచ్చింది. అందులో పెద్ద సాలీడు ఒకటి చిన్న పిట్టను తింటున్నట్టు వేసింది. ఆ తర్వాతి కాలంలో కొందరు పండితులు ఇదంతా కట్టుకథ అని ఎగతాళి చేశారు. పందొమ్మిదో శతాబ్దంలో హెన్రీ వాల్టర్ బేట్స్ అనే ప్రకృతి శాస్త్రవేత్త అమెజాన్ అడవుల్లో అలాంటిదే కళ్లారా చూసి రాశాక ఆ నోళ్లు మూతపడ్డాయి.

అయితే చిన్నప్పటి ఇష్టం ఎప్పుడూ తిన్నగా నడవదు. ఇంగ్లండ్ చిత్రకారుడు పీటర్ స్కాట్ సంగతే చూడండి. తండ్రి, అన్వేషకుడు రాబర్ట్ స్కాట్, దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ 1912లో మంచులోనే చనిపోయాడు. ఆఖరి ఉత్తరంలో, కుదిరితే పిల్లాడికి ప్రకృతి మీద ఆసక్తి కలిగించమని భార్యకు రాశాడు. పిల్లాడికి అప్పటికి రెండేళ్లు. ఆసక్తి బాగానే కలిగింది గానీ, కుర్రతనంలో అతను అడవి బాతుల్ని తుపాకీతో కాల్చేవాడు, బొమ్మలూ వేసేవాడు. రెండూ ఒకే మనిషి! తర్వాత తుపాకీ వదిలేశాడు. 1946లో ఇంగ్లండ్‌లోని స్లింబ్రిడ్జ్‌లో నీటిపక్షుల కోసం సంస్థ పెట్టాడు. 1961లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ పాండా గుర్తు గీసిందీ ఆయనే.

కానీ నాకు పాండా కంటే హంసలే ముఖ్యం. ఆర్కిటిక్ వైపు నుంచి చలికాలంలో వచ్చే బ్యూయిక్ హంసలు 1964లో ఆయన ఇంటి ముందు చెరువులో దిగాయి. దూరం నుంచి అన్నీ ఒకేలా తెల్లగా ఉంటాయి. ఆయన వాటి ముక్కులు చూశాడు. పసుపు, నలుపు కలిసిన తీరు ఏ రెండింటికీ ఒకేలా లేదు. ఒక్కొక్కదాని మొహం ఎదురుగా, పక్కనుంచి గీసి పేర్లు పెట్టాడు. మరుసటి చలికాలం వచ్చిన హంస కొత్తదా పాతదా అన్నది ఆ బొమ్మలు చూసి చెప్పేవాళ్లు. గుంపు పోయి, ఒక్కొక్కటీ ఒక్కో ప్రాణిగా మిగిలింది.

ఎవరో అడిగారు, ఫొటో తీస్తే సరిపోదా అని. కెమెరా ముక్కును క్షణంలో పట్టేస్తుంది. గీసే చెయ్యి మాత్రం పసుపు ఎక్కడ ఆగి నలుపు ఎక్కడ మొదలైందో చూడకుండా కదల్లేదు. నాకు కనిపించే తేడా అంతే. నేనూ ఫొటోలు తీస్తాను లెండి.

సరే, మాటలు చాలు. బల్ల మీద పెన్సిళ్లు, కాగితాలు ఉన్నాయి. రబ్బర్లు నేను కావాలనే తేలేదు. అందరం బయటికి వెళ్దాం. చీమ కావచ్చు, కాకి కావచ్చు, మీకు దొరికినది ఒక్కటే. పది నిమిషాలు. కాళ్లు మాత్రం ఎటు వంగుతున్నాయో చూసి వేయండి.