కెమెరాకి అనుమతి అక్కర్లేదు, అందులోని చిప్‌కి కావాలి

అందరికీ నమస్కారం. శనివారం సాయంత్రం బీచ్ రోడ్డు గాలి వదులుకుని ఎగుమతి నిబంధనల గురించి వినడానికి ఇంతమంది వచ్చారంటే, సగంమంది సరుకు ఎక్కడో ఆగిపోయి ఉంటుందని నా అనుమానం. నవ్వకండి, నాదీ ఒకసారి ఆగింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు మన విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి వెళదాం. అక్కడ మరబోటు ఎక్కితే సరంగు పక్కన చిన్న తెర కనిపిస్తుంది. కింద ఎంత లోతుందో, చేపల గుంపు ఎక్కడుందో అందులో చూస్తాడు. బోటు అడుగున బిగించిన ట్రాన్స్‌డ్యూసర్ నీళ్లలోకి శబ్దం పంపుతుంది. అది దేనికో తగిలి వెనక్కి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్క కడుతుంది. అక్కణ్ణించి ఆర్కే బీచ్‌లో ఒడ్డుకెక్కించి పెట్టిన కురుసుర జలాంతర్గామి దగ్గరికి రండి. జలాంతర్గామిలోని సోనార్ నడిచేదీ ఈ సూత్రం మీదే. మరి ఒకటి బజారులో దొరుకుతుంది, రెండోది బజారులో ఎవరికీ దొరకదు. మధ్యలో గీత ఎక్కడుంది?

ఎగుమతుల అదుపు మీద దేశాలు కుదుర్చుకున్న వాసెనార్ ఒప్పందం ఒకటుంది. దాని జాబితాలో ఆ గీత ఉంది. పరికరం తన కిందికి నిట్టనిలువుగా చూసేదై ఉండాలి. అటూ ఇటూ తిరిగి వెతికే సదుపాయం ఉంటే అది 20 డిగ్రీలు దాటకూడదు. నీటి లోతు, మునిగిన వస్తువు దూరం, చేపల జాడ, వీటికి మించి ఏమీ చెప్పకూడదు. ఇవన్నీ కుదిరితే ఆ డెప్త్ సౌండర్‌ని వదిలేస్తారు. ఇక్కడ ఒక్కటి గమనించండి. కొనేవాడు మత్స్యకారుడా, నేవీ ఆఫీసరా అన్న ప్రశ్న ఆ వాక్యంలో ఎక్కడా లేదు. ఆ వస్తువు ఏం చేయగలదన్నదే ఉంది. నా దగ్గరికి వచ్చేవాళ్లు మాత్రం ముందుగా చెప్పేది, "సార్, మేం ఆసుపత్రికి అమ్ముతున్నాం, మాకేం ఇబ్బంది ఉండదు కదా" అనే. ఆసుపత్రి సంగతి లైసెన్స్ ఇచ్చే దగ్గర పనికొస్తుంది. వస్తువు జాబితాలో ఉందా లేదా అని తేల్చే వర్గీకరణ దగ్గర పనికిరాదు.

వాసెనార్ గురించి రెండు ముక్కలు. నెదర్లాండ్స్‌లో ఒక ఊరి పేరది. ఒప్పందం 1996లో మొదలైంది, కార్యాలయం వియన్నాలో ఉంది, మన దేశం 2017 డిసెంబరులో చేరింది. ఆయుధాలకు ఒక జాబితా, ఇటు పౌర అవసరాలకూ అటు సైన్యానికీ పనికొచ్చే వస్తువులకు ఇంకో జాబితా. మన దగ్గర ఈ రెండూ స్కోమెట్ అనే ఎగుమతి నియంత్రణ జాబితాలోకి వచ్చాయి. అందులో 6వ కేటగిరీ సైనిక సామగ్రి, 8వ కేటగిరీ ద్వంద్వ వినియోగ వస్తువులు. సెన్సర్లు, లేజర్లు 8ఏ6 కింద ఉంటాయి: శబ్ద పరికరాలు, ఆప్టికల్ డిటెక్టర్లు, కెమెరాలు, లేజర్లు, మాగ్నెటోమీటర్లు, రాడార్లు.

దీన్ని హెచ్ఎస్ కోడ్‌తో కలిపేయకండి. హెచ్ఎస్ కోడ్ సుంకం కోసం, "ఇదేమిటి" అని అడుగుతుంది. స్కోమెట్ "ఇది ఏం చేయగలదు" అని అడుగుతుంది. షిప్పింగ్ బిల్లులో హెచ్ఎస్ కోడ్ సరిగ్గా ఉన్నంత మాత్రాన రెండో ప్రశ్నకి జవాబు చెప్పినట్టు కాదు. పైగా ఆ రెండో జవాబు మీ సీహెచ్ఏ, అంటే కస్టమ్స్ ఏజెంటు, చెప్పలేడు. డిటెక్టర్ ఏ తరంగదైర్ఘ్యంలో పనిచేస్తుందో ఆయనకెలా తెలుస్తుంది? డిజైన్ చేసిన ఇంజినీరు చెప్పాలి. మన ఇంజినీర్లేమో "అది డాక్యుమెంటేషన్ వాళ్ల పని" అంటారు. నా చిరాకంతా అక్కడే.

ఇప్పుడు ఈ టేబుల్ మీదున్న థర్మల్ కెమెరా చూడండి. ఫ్యాక్టరీల్లో కొలిమి గోడ ఎక్కడ పలచబడిందో, సబ్‌స్టేషన్‌లో ఏ జాయింటు వేడెక్కుతోందో చూడటానికి వాడే రకం. లోపల మైక్రోబోలోమీటర్ అనే డిటెక్టర్ ఉంటుంది. 8 నుంచి 14 మైక్రాన్ల మధ్య వచ్చే వేడి కిరణాలకు దాని గళ్లు, అంటే పిక్సెళ్లు, స్పందిస్తాయి. చల్లబరిచే యంత్రం అక్కర్లేదు కాబట్టి చవక. ఇలాంటి కెమెరా మామూలుగా జాబితాలోనే ఉంటుంది. కానీ సెకనుకు 9 ఫ్రేములు, అంతకన్నా తక్కువ ఇచ్చేదైతే మినహాయింపు. ఇదిగో, నా చెయ్యి ఊపుతున్నాను, తెర మీద చూడండి. బొమ్మ ఎలా తడబడుతూ వస్తోందో కనిపిస్తోందా? కదలకుండా ఉన్న మోటారుని చూడటానికి ఇది చాలు. పరుగెత్తే బండిని గురిపెట్టి వెంటాడాలంటే చాలదు. మార్కెట్లో చాలా థర్మల్ కెమెరాల మీద ఆ 9 అంకె ఎందుకుంటుందో ఇప్పుడు తెలిసిందిగా! లోపల సర్క్యూటు 30 ఇవ్వగలిగినా ఫర్మ్‌వేర్‌లో 9 దగ్గర తాళం వేస్తారు. మీరూ అలా చేస్తే, ఆ తాళం కొన్నవాడు తీయలేడని చూపించే కాగితం దగ్గర పెట్టుకోండి.

ఇక నా సరుకు సంగతి. కొన్నేళ్ల క్రితం ఒక చిన్న యూనిట్‌కి ఎగుమతి పనులు చూసేవాణ్ణి. గల్ఫ్‌లో ఒకాయనకి 9 ఫ్రేముల కెమెరాలు పంపాం. ఏ అడ్డూ లేకుండా వెళ్లాయి. ఆరు నెలలకు ఒకదాంట్లో డిటెక్టర్ పోయింది. కెమెరాకే అనుమతి అక్కర్లేనప్పుడు అందులో ముక్కకి ఎందుకు అనుకుని, ఒక స్పేర్‌ని చిన్న డబ్బాలో పెట్టి "కెమెరా విడిభాగం" అని రాసి కొరియర్‌లో వేశాను. అగ్గిపెట్టె అంత డబ్బా. కార్గోలో ఆపేశారు. ఆ వారం నాకు తిండి సయించలేదు, ఒకటే టెన్షన్.

తప్పు నాదే. 9 ఫ్రేముల మినహాయింపు కెమెరాకి రాసింది, డిటెక్టర్‌కి కాదు. చిప్ వేరే ఎంట్రీలో ఉంటుంది, అక్కడ ఫ్రేముల ఊసే లేదు. ఆలోచిస్తే అర్థమవుతుంది: విడి చిప్ చేతిలో ఉన్నవాడు దాని చుట్టూ తనకు కావలసిన సర్క్యూటు కట్టుకుంటాడు. మన 9 తాళం అక్కడ ఎవరికి కావాలి? వివరణ లేఖలు రాశాం, లైసెన్స్‌కి అప్లై చేశాం, సరుకు ఎవరు, దేనికి వాడతారో రాసిచ్చే ఎండ్ యూజర్ సర్టిఫికెట్ కోసం ఆ గల్ఫ్ పెద్దమనిషి చుట్టూ తిరిగాం. చివరికి ఆయన విసుగెత్తి ఇంకోచోట కొత్త కెమెరా కొనుక్కున్నాడు.

ఆ తిరుగుళ్లలోనే ఇంకోటి బయటపడింది. ఆ డిటెక్టర్ మనం బయటి దేశం నుంచి తెప్పించుకున్నది. కొన్నప్పుడు ఒక హామీపత్రం మీద సంతకం పెట్టాం, మళ్లీ ఎగుమతి చేయాలంటే వాళ్ల అనుమతి కావాలని అందులో ఉంది. ఎవరం చదవలేదు. అమెరికా సరుకైతే లెక్క ఇంకా సూక్ష్మంగా ఉంటుంది. ఉదాహరణకి 384 నిలువు వరసలు, 288 అడ్డ వరసలు ఉన్న డిటెక్టర్ తీసుకోండి. గుణిస్తే 1,10,592 గళ్లు. వాళ్ల నిబంధనల్లో ఇలాంటి కెమెరాలకు 1,11,000 దగ్గర ఒక గీత ఉంది. గీతకి ఇవతల పడటం యాదృచ్ఛికమో కాదో మీరే ఆలోచించుకోండి. 640, 480 అయితే 3,07,200, ఆ గీత ఎప్పుడో దాటేసింది.

సైనిక జాబితా విషయం త్వరగా చెప్పేస్తాను. అక్కడ అంకెలకన్నా "సైనిక వినియోగానికి ప్రత్యేకంగా రూపొందించిన" అన్న మాట ముఖ్యం. మన మచిలీపట్నంలో 1926లో మొదలైన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. రాత్రి చూపు పరికరాలు అక్కడ తయారవుతాయి. సైన్యం కోరిన కొలతలతో తుపాకీ మీద బిగించేలా గీసిన పరికరాన్ని మీరు "వేటగాళ్ల కోసం" అని బ్రోచర్ మార్చి పంపలేరు. దాని పుట్టుక డ్రాయింగుల్లో ఉంటుంది. అందుకే ముందు 6వ కేటగిరీ చూడండి, అక్కడ లేదని తేలాకే 8కి రండి. డ్రాయింగులు ఈమెయిల్‌లో పంపినా ఎగుమతే. 2007లో అమెరికాలో ఐటీటీ సంస్థ నైట్ విజన్ సాంకేతిక వివరాలు విదేశాలకు పంపిన కేసులో నేరం ఒప్పుకుని 10 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది.

విద్యార్థులు అడగొచ్చు, జాబితాలో లేనిదైతే నిశ్చింతేనా అని. కాదు. మీ వస్తువు సామూహిక విధ్వంస ఆయుధాల పనికి వెళ్తోందని తెలిసినా, అనుమానం ఉన్నా, జాబితాలో లేకపోయినా అనుమతి లేకుండా పంపకూడదు. దాని మీద 2005 నుంచి వేరే చట్టమే ఉంది.

ఇక నేను మాట్లాడటం ఆపుతాను. ముందు వరసల వాళ్ల చేతిలో రెండు డేటాషీట్లున్నాయి, పేర్లు కొట్టేసి ఇచ్చాను. ఒకటి డ్రోన్‌కి తగిలించే థర్మల్ కెమెరా, ఇంకోటి ఓడ అడుగు తనిఖీ చేసే సోనార్. మొదటిదాని మూడో పేజీలో ఫ్రేమ్ రేట్ వెతకండి. రెండోదాంట్లో అది ఎన్ని డిగ్రీలు తిరుగుతుందో చూడండి. పది నిమిషాలు. కాలిక్యులేటర్ వాడుకోవచ్చు.