థార్ ఎడారి కింద ఉప్పు

అందరికీ నమస్కారం. ఈ గడ్డ మా వంటింట్లోంచి తెచ్చాను. ఏకాదశి ఉపవాసాలకు వాడే సైంధవ లవణం. సింధు దేశంలో దొరికేది కాబట్టి ఆ పేరు. చేతిలోకి తీసుకుని చూడండి. లేత గులాబీ రంగు ఇనుము వల్ల వచ్చింది. విరిగిన చోట అంచులు నలుచదరంగా ఉన్నాయి. ఎంత చిన్న ముక్క చేసినా ఉప్పు అలాగే విరుగుతుంది.

ఇలాంటి ఉప్పుకు పేరుపడ్డవి పాకిస్తాన్‌లోని ఖేవ్రా గనులు. 50 కోట్ల ఏళ్లకు ముందే ఎండిపోయిన సముద్రం వదిలి వెళ్లిన ఉప్పు అది. ఇంచుమించు ఆ కాలం నాటిదే మన రాజస్థాన్‌లోనూ ఉంది. బికనేర్, నాగౌర్, చూరు, హనుమాన్‌గఢ్, శ్రీగంగానగర్ జిల్లాల్లో, ఇసుక కింద వందల మీటర్ల లోతున. సాంభర్ సరస్సు ఉప్పు వేరు, అది ఉప్పునీళ్లు ఎండబెట్టి తీసేది.

ఇంత లోతుకు దిగి వంట ఉప్పు తవ్వుకోవాల్సిన పనేముంది? చినగంజాం మడుల్లో బోలెడు పండుతోంది. అసలు విలువ ఆ ఉప్పుతోపాటు ఉన్న పొటాష్‌ది. సముద్రం ఎండేటప్పుడు ముందు జిప్సం, తర్వాత ఉప్పు, చివరికి పొటాషియం లవణాలు, అంటే పొటాష్, పేరుకుంటాయి. మీ నాన్నగారు వరికి చల్లే ఎరుపు పొటాష్ బస్తా కెనడా నుంచో, రష్యా నుంచో ఓడలో రావాల్సిందే. అక్కడ యుద్ధం వస్తే ఇక్కడ రైతుకు టెన్షన్. అందుకే ఈ నిక్షేపాల మీద నాకింత ఆశ.

రెండో ఉపయోగం చమురు నిల్వ. విశాఖలో 13.3 లక్షల టన్నుల ముడిచమురు పట్టే కొండరాతి గుహలు తవ్వుకున్నాం. అక్కడ చుట్టూ ఉన్న భూగర్భ జలం ఒత్తిడే చమురును బయటికి పోనివ్వదు. ఉప్పుకు ఆ ఏర్పాటు అక్కర్లేదు. లోతున బరువు కింద ఉప్పు మైనంలా మెల్లగా కదిలి సన్నని పగుళ్లను తనే పూడ్చుకుంటుంది. పైగా మనిషి కిందికి దిగి తవ్వే పని లేదు. బోరు వేసి నీళ్లు దింపితే ఉప్పు కరుగుతుంది, ఆ ద్రావణాన్ని పైకి తోడేస్తే గుహ మిగులుతుంది.

అయితే ఒక ఘనపు మీటరు ఉప్పు కరగడానికి ఏడెనిమిది ఘనపు మీటర్ల నీళ్లు కావాలి. ఆ నేలకు తాగునీళ్లు పంజాబ్‌లోని హరికే నుంచి ఇందిరాగాంధీ కాలువలో వస్తాయి. ఆ కాలువ మీద చెయ్యి వెయ్యకూడదని నేను గట్టిగా అంటాను. అక్కడ చాలా ఊళ్లలో బోరునీళ్లు ఉప్పగా ఉంటాయి, తాగడానికి పనికిరావు. ఉప్పు కరిగించడానికి వాటినే వాడాలి. కాస్త నిదానంగా కరిగినా ఫర్వాలేదు. పైకి వచ్చిన ద్రావణాన్ని ఎండబెట్టే చెరువులకు అడుగున నీళ్లు ఇంకని పట్టా తప్పకుండా పరవాలి. లేదంటే ఆ ఉప్పు ఇంకి, మంచినీళ్ల బావులున్న నాలుగు ఊళ్లకూ అవి కూడా మిగలవు.