కుడి బొటనవేలి కష్టం

అందరికీ నమస్కారం.

నా చేతిలో ఉన్నది టీవీలో ఆటలాడుకునే యంత్రం ప్లేస్టేషన్ 5తో పాటు వచ్చే కంట్రోలర్, పేరు డ్యుయల్‌సెన్స్. మన ఇళ్ళలో దీన్ని కొందరు రిమోట్ అంటారు, కొందరు జాయ్‌స్టిక్ అంటారు. ముందు దీనిమీద ఎన్ని బటన్లున్నాయో కలిసి లెక్కపెడదాం. ఎడమవైపు బాణం గుర్తులు నాలుగు. కుడివైపు ఎక్స్, సర్కిల్, స్క్వేర్, ట్రయాంగిల్, ఎనిమిదయ్యాయి. ముందు అంచున చూపుడువేళ్ళు ఆనేచోట ఎల్1, ఎల్2, ఆర్1, ఆర్2. పన్నెండు. ఈ రెండు స్టిక్కుల్నీ కిందికి నొక్కితే టిక్కుమంటాయి. అవి ఎల్3, ఆర్3. పద్నాలుగు. క్రియేట్, ఆప్షన్స్, పీఎస్ గుర్తు, దాని కింద మైకు ఆపేది, మధ్యలో ఈ వెడల్పాటి టచ్‌ప్యాడ్, అదీ నొక్కుకుపోయేదే. మొత్తం 19. స్టిక్కుల్ని అటూ ఇటూ వంచడం ఈ లెక్కలో లేదు.

1977లో వచ్చిన అటారీ 2600కి ఒక్క కర్ర, ఒక్క బటన్. 1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో ఫామికామ్‌కి ప్లస్ గుర్తు, ఏ, బీ, స్టార్ట్, సెలెక్ట్. 90ల్లో మన ఊళ్ళలో టీవీకి తగిలించి ఆడిన క్యాసెట్ గేములు చాలావరకు దాని నకళ్ళే. 1990 నాటి సూపర్ ఫామికామ్‌లో కుడివైపు బటన్లు నాలుగయ్యాయి, భుజాల మీద రెండు మొలిచాయి. 1994లో ప్లేస్టేషన్ ఆ రెండింటినీ నాలుగు చేసింది. 1997లో ప్లేస్టేషన్ కంట్రోలర్‌కి రెండు స్టిక్కులు వచ్చాయి. ఆ తర్వాత మెరుగులు దిద్దారు తప్ప ఆకారం పెద్దగా కదల్లేదు.

ఒకటి నుంచి 19కి పెరిగింది కాబట్టి ఎప్పుడో ఒకసారి ఆడేవాళ్ళకి ఇది మోయలేని బరువైందని వాదిస్తారు. ఆ లెక్క నాకు ఒప్పుదల కాదు. ఇంటికెళ్ళాక సెట్‌టాప్ బాక్స్ రిమోట్ తీసి లెక్కపెట్టండి, ఇంతకు రెట్టింపు తేలినా ఆశ్చర్యం లేదు. దాన్ని చూసి ఇంట్లో పెద్దవాళ్ళు జడుసుకోరు. కళ్ళజోడు సర్దుకుని, వెతుక్కుని నొక్కుతారు. ఛానల్ ఎక్కడికీ పారిపోదు. ఆటలో మాత్రం మీరు వెతుక్కునేలోపు ఎదుటివాడు మిమ్మల్ని కాల్చేస్తాడు. కొత్తవాళ్ళని కంగారుపెట్టే విషయాలు మూడు, నాలుగే ఉన్నాయి. అందులో పెద్దది ఈ కుడి స్టిక్కు.

దీన్ని కాస్త దగ్గరగా చూద్దాం. ఆటలో మన చూపుని, అంటే కెమెరాని, తిప్పేది ఇదే. ఫోన్‌లో బీజీఎంఐ అనే తుపాకీ ఆట ఆడే కుర్రాడు చుట్టూ చూడాలంటే తెర మీద వేలు జరుపుతాడు. జరిపినంతే తిరుగుతుంది, వేలు ఆగితే చూపూ ఆగుతుంది. కంప్యూటర్ మౌసూ అంతే. స్టిక్కు అలా కాదు. ఎంత వంచామన్నది ఎంత దూరం తిరగాలో చెప్పదు, ఎంత వేగంగా తిరగాలో చెబుతుంది. వంచి పట్టుకుంటే తిరుగుతూనే ఉంటుంది, వదిలి మధ్యకి రానిస్తేనే ఆగుతుంది. అంటే ఆటలో ఒక తలుపు వైపు తిరగాలంటే, అది ఎదురుగా రాకముందే వదలడం మొదలుపెట్టాలి, సైకిల్ ఆపాలనుకున్న చోటికి కాస్త ముందే బ్రేకు పట్టినట్టు. కొత్తవాళ్ళు తలుపు కనబడ్డాక వదులుతారు. దాటిపోతుంది. వెనక్కి వంచుతారు, ఈసారి ఇటు దాటిపోతుంది. ఈ హైరానాలో స్టిక్కు కాస్త పైకో కిందికో కూడా వంగుతుంది. మరో నిమిషానికి ఆట మొత్తం ఆకాశమో, నేలో.

ఎడమ స్టిక్కు కూడా దీనిమీదే ఆధారపడటం మరో చిక్కు. వెనకనుంచి బొమ్మ కనిపించే ఆటల్లో ఎడమ స్టిక్కు ముందుకు తోస్తే, బొమ్మ తను చూస్తున్న వైపు కాదు, కెమెరా చూస్తున్న వైపు నడుస్తుంది. కెమెరా తప్పుగా ఉంటే నడకా తప్పే. అందుకే అలవాటు లేనివాళ్ళ ఆట ఒకేలా కనిపిస్తుంది: నడుస్తారు, గోడకు గుద్దుకుంటారు, ఎడమ బొటనవేలు వదిలేస్తారు, కుడి బొటనవేలితో కెమెరా సరిచేస్తారు, మళ్ళీ నడుస్తారు. రెండు వేళ్ళూ వంతులేసుకుని పనిచేస్తాయి. ఒకేసారి రెండూ కదలడం గంటల సాధన మీద వచ్చేదే, మృదంగం మీద రెండు చేతులు వేరుపడటం లాగా.

రెండోది పేర్ల గందరగోళం. ‘ఎక్స్ నొక్కు’ అని మీరు పక్కన కూర్చుని అరిచారనుకోండి. ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌లో ఎక్స్ ఎడమ పక్కన. నింటెండో స్విచ్‌లో పైన. ప్లేస్టేషన్‌లో కింద. ఏ, బీ సంగతీ అంతే: ఎక్స్‌బాక్స్‌లో ఏ కింద, బీ కుడిపక్క, నింటెండోలో సరిగ్గా తారుమారు. ఇది చాలనట్టు, జపాన్‌లో ప్లేస్టేషన్ 4 దాకా సర్కిల్ అంటే ‘సరే’, ఎక్స్ అంటే ‘వద్దు’; ప్లేస్టేషన్ 5తో అక్కడా ఎక్స్‌నే ‘సరే’ చేశారు. కాబట్టి కొత్తవాళ్ళకి అక్షరం చెప్పకండి, చోటు చెప్పండి: ‘కింది బటన్’, ‘ఎడమ బటన్’. ఈ ఒక్క మార్పుతో సగం కోపాలు తగ్గుతాయి.

మూడోది ఎల్3, ఆర్3. నా దృష్టిలో కంట్రోలర్ మొత్తంలో మోసకారి బటన్లు ఇవే, ఎందుకంటే పైకి కనబడవు. భయమేసినప్పుడు మనిషి బొటనవేలిని అదిమేస్తాడు. చాలా ఆటల్లో ఎడమ స్టిక్కు నొక్కితే పరుగు, కుడి స్టిక్కు నొక్కితే మోచేత్తో గుద్దడమో, కూర్చోవడమో. శత్రువు ఎదురుపడగానే మీ బొమ్మ ఉన్నట్టుండి నేలమీద కూలబడితే ఆట పాడవలేదు, మీ వేలు బిగుసుకుంది, అంతే.

కుడి బొటనవేలికి ఇంకో అన్యాయం కూడా జరుగుతోంది. కెమెరా దానిదే, కుడివైపు నాలుగు బటన్లూ దానివే. గెంతాలంటే కెమెరా వదలాలి. తుపాకీ ఆటలు కొన్నింటిలో గెంతుడుని ఎల్1 మీదికి మార్చే అమరిక సిద్ధంగా ఉండేది ఇందుకే. ఆ అమరిక నిపుణులకే అనుకుంటారు; నిజానికి కొత్తవాళ్ళకే ఎక్కువ పనికొస్తుంది.

బటన్లు తగ్గిస్తే పోతుంది కదా అంటారేమో. ఆ ప్రయోగమూ జరిగింది. 2006లో నింటెండో వీ వచ్చింది. టీవీ రిమోట్ ఆకారం, ఒంటిచేత్తో పట్టుకోవడం. 10 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. వీ రిమోట్ సులువైనది కాబట్టి గెలిచిందని చెప్పుకుంటాం గానీ, దానిమీద కూడా బాణాలు నాలుగు కలుపుకుని 12 బటన్లున్నాయి. తేడా ఎక్కడంటే, బౌలింగ్ ఆటలో మీరు వేలు కింద బీ బటన్ పట్టుకుని చెయ్యి ఊపుతారు, బంతి వదలాల్సిన క్షణంలో బటన్ వదులుతారు. చేసే పనీ, నొక్కే పనీ ఒకే పోలికలో ఉన్నాయి. ఆ పోలిక ఎంత బాగా కుదిరిందంటే, కొందరు బటన్‌తో పాటు రిమోట్‌నే వదిలేశారు, అది ఎగిరి టీవీకి తగిలింది. మణికట్టు తాడు తెగిపోతోందని 2006 డిసెంబరులో నింటెండో 0.6 మిల్లీమీటర్ల తాడు స్థానంలో 1 మిల్లీమీటరు తాడు మార్చి ఇచ్చింది. మరుసటి ఏడాది మెత్తటి రబ్బరు తొడుగూ ఉచితంగా పంచింది.

2010లో మైక్రోసాఫ్ట్ కైనెక్ట్, ఒంటి కదలికల్ని కెమెరాతో పట్టే పరికరం, ఇంకో అడుగు ముందుకేసి బటన్లు సున్నా చేసింది. ఒక్కరు ఆడటానికి ఆరడుగులు, ఇద్దరికి ఎనిమిది అడుగుల దూరం కావాలి. మన ఫ్లాట్లలో హాలు మధ్య టీపాయ్ తీసేయాల్సిందే. గెంతడం సులువైంది, ఆట ఆపడం కష్టమైంది. కుడిచెయ్యి పక్కన వేలాడేసి, ఎడమచెయ్యి 45 డిగ్రీలు బయటికి చాపి కాసేపు అలాగే నిలబడాలి. ఫోన్ మోగినప్పుడు ఒక బటన్ నొక్కితే తేలిపోయే పని ఇది. బటన్ లేకపోవడం వేరు, సులువుగా ఉండటం వేరు.

ఫోన్ ఆటలతోనూ ఇదే తెలుస్తుంది. బీజీఎంఐ తెరమీద ఒక్కసారి అన్నీ లెక్కపెట్టి చూడండి, దాదాపు ఈ కంట్రోలర్ అన్ని బటన్లుంటాయి. మన పిల్లలెవరూ దాన్ని చిక్కు అనరు. తూటా బొమ్మ మీద నొక్కితే కాలుస్తుంది, గెంతే మనిషి బొమ్మ మీద నొక్కితే గెంతుతాడు. పేరూ పనీ ఒకేచోట ఉన్నాయి. నష్టమూ ఉంది: వేలికి అంచు తగలదు, తెరలో కొంత వేళ్ళకిందే పోతుంది.

ఇక చేతల్లోకి వద్దాం. ఇంట్లో ఆడని మనిషికి కంట్రోలర్ ఇస్తున్నారు. ఏం చేయాలి?

ముందు కంట్రోలర్‌ని బల్లమీద పెట్టి వదిలేయండి. ఎవరూ ముట్టుకోకుండానే బొమ్మ కదులుతోందా, కెమెరా జారుతోందా? అది స్టిక్ డ్రిఫ్ట్. మామూలు స్టిక్కు లోపల కార్బన్ పట్టీ మీద చిన్న లోహపు ముక్క రాసుకుంటూ వంపుని కొలుస్తుంది. ఆ పట్టీ అరిగితే కొలత తప్పుతుంది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాటిలో ఇది మామూలే. అనుభవం ఉన్నవాళ్ళు తెలియకుండానే సర్దుకుపోతారు, కొత్తవాళ్ళు మాత్రం తమ చేతకానితనం అనుకుంటారు. ఆట సెట్టింగ్స్‌లో డెడ్‌జోన్ (స్టిక్కు కొద్దిగా వంగినా పట్టించుకోని మేర) ఉంటే, జారడం ఆగేదాకా కొద్దికొద్దిగా పెంచండి. మరీ పెంచితే స్టిక్కు మొద్దుబారుతుంది.

తర్వాత ఆట ఎంపిక. కెమెరా తనంతట తాను చూసుకునే ఆటతో మొదలుపెట్టండి. ఓవర్‌కుక్డ్ చక్కగా సరిపోతుంది: వంటగది పైనుంచి కనబడుతుంది, ఎడమ స్టిక్కుతో నడక, ఒక బటన్‌తో ఎత్తి దించడం, ఇంకోదానితో తరగడం. మారియో కార్ట్ 8 డీలక్స్‌లో బండి ఎంచుకునేచోట ప్లస్ నొక్కితే స్మార్ట్ స్టీరింగ్, ఆటో యాక్సిలరేట్ కనిపిస్తాయి. రెండూ పెడితే ఆరేళ్ళ పిల్లయినా రేసు పూర్తిచేస్తుంది. స్మార్ట్ స్టీరింగ్ కొన్ని అడ్డదారుల్లోకి వెళ్ళనివ్వదు. చెయ్యి కుదిరాక ముందు దాన్నే తీసేయండి. జంటలు కలిసి ఆడటానికని ఇట్ టేక్స్ టూ కొని తెస్తుంటారు. ఆట గొప్పదే, మొదటి ఆటగా మాత్రం వద్దు. ఇద్దరూ సొంతంగా కెమెరా తిప్పుకుంటూ, గాలిలో రెండోసారి గెంతుతూ దూసుకుపోవాలి. అలవాటు లేని భాగస్వామి మొదటి అరగంటలోనే కంట్రోలర్ పక్కనపెట్టేస్తారు, ఆ సాయంత్రం అంతటితో సరి.

కెమెరా నేర్పేటప్పుడు ప్రమాదం లేని చోటు కావాలి. మైన్‌క్రాఫ్ట్‌లో డిఫికల్టీ పీస్‌ఫుల్ పెట్టి, ఆటో జంప్ ఆన్ చేసి, స్టిక్కు సెన్సిటివిటీ తగ్గించండి. ఒంటరిగా ఉన్న చెట్టు ఒకటి వెతకండి. మొదట కదలకుండా చెట్టుని తెర మధ్యకి తెచ్చి ఆపడం. అటునుంచి ఓసారి, ఇటునుంచి ఓసారి, పదేసి సార్లు. తర్వాత చెట్టు చుట్టూ ప్రదక్షిణం: ఎడమ స్టిక్కు ఎడమకు, కుడి స్టిక్కు మెల్లగా కుడికి, చెట్టు తెర మధ్యలోనే ఉండాలి. చెట్టు కుడికి జారిపోతుంటే కుడి బొటనవేలు ఇంకాస్త వంచాలి, ఎడమకు జారుతుంటే తగ్గించాలి. పది నిమిషాలకు మించి వద్దు, మెడ పట్టేస్తుంది, కొందరికి కళ్ళూ తిరుగుతాయి.

బటన్ మార్చుకోవచ్చని చాలామందికి తెలియదు. ప్లేస్టేషన్ 5లో సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీ కింద, స్విచ్‌లో సిస్టమ్ సెట్టింగ్స్‌లో కంట్రోలర్ల దగ్గర, ఎక్స్‌బాక్స్‌లో యాక్సెసరీస్ యాప్‌లో ఉంటుంది. డ్యుయల్‌సెన్స్ ట్రిగ్గర్లు, అంటే ఎల్2, ఆర్2, కొన్ని ఆటల్లో వేలికి ఎదురుతన్నుతాయి. చేతులు నొప్పెట్టేవాళ్ళకి ఆ ఎఫెక్ట్ ఆపేయండి. ఎక్స్‌బాక్స్‌లో ఇద్దరి కంట్రోలర్లనూ ఒకటిగా కలిపే సదుపాయం 2017 నుంచీ ఉంది: నడక అమ్మమ్మది, కెమెరా మనవడిది. ఇంట్లో నేర్పడానికి ఇంతకన్నా మంచిది నాకు కనబడలేదు. వేళ్ళు సహకరించనివాళ్ళ కోసం 2018లో ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ వచ్చింది. దానికి అరచేతంత బటన్లు రెండు, వెనక విడి స్విచ్చులు తగిలించుకునే 3.5 మిల్లీమీటర్ల రంధ్రాలు 19. యాదృచ్ఛికమే గానీ, ఇందాకటి అంకే.

ఆటలు తయారుచేసేవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటే మీతో ఒక్కమాట. మొదటి పది నిమిషాల్లో 12 బటన్లు నేర్పకండి. కొత్త బటన్ నేర్పాక, దానితోనే దాటాల్సిన అడ్డంకులు కనీసం మూడు పెట్టి, ఆ తర్వాతే ఇంకోటి చూపండి. తెరమీద ఉత్త అక్షరం వేయకండి, నాలుగు చుక్కల బొమ్మ గీసి అందులో ఏ చుక్కో వెలిగించండి.

చివరిగా చిన్న పరీక్ష. పైకి చూడాలంటే స్టిక్కు ముందుకు తోయాలా, వెనక్కి లాగాలా అన్నది మనిషిని బట్టి మారుతుంది. విమానం నడిపినట్టు వెనక్కి లాగేవాళ్ళు మీలో కొందరైనా ఉంటారు. వాళ్ళకి ఇన్వర్ట్ (పైకీ కిందికీ దిశ తారుమారు చేసే సెట్టింగ్) పెట్టకుండా గంటసేపు ఆడించి, చేతకాదని తేల్చేస్తుంటాం. ఈ కంట్రోలర్ ఆన్‌లోనే ఉంది, తెరమీద ఒక గది ఉంది. ఇంతవరకు ఎప్పుడూ ఆడనివాళ్ళు ఒకరు ముందుకు రండి. ఎటు వంచాలో నేను చెప్పను, మీరూ చెప్పకండి. ‘పైకప్పు చూడండి’ అని మాత్రమే అంటాను. అందరూ వారి కుడి బొటనవేలినే గమనించండి.