గోడలతో గెలిచే డెక్: పాపర్ వాల్స్ కాంబో రివ్యూ

నమస్తే అండి. పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. మన దగ్గర మ్యాజిక్: ద గేదరింగ్ అనే కార్డుల ఆట ఆడేవాళ్లు తక్కువే. పాతపట్నం నుంచి ఇద్దరు ముగ్గురు, గుణుపురం నుంచి రైల్లో వచ్చే ఒకాయన, మా ఊళ్లో ఒడియా, తెలుగు కలిపి ఒక చిన్న గుంపు. వీళ్లలో కొత్తగా ఆట నేర్చుకున్న ప్రతి ఒక్కరూ నన్ను ఒకే మాట అడుగుతారు: "అన్నా, కాంబో డెక్ కట్టాలి, ఏది కట్టమంటావు?" ఈ వీడియో వాళ్ల కోసం. డెక్ అంటే ఆటకి మనమే ఎంచుకుని కట్టుకునే కార్డుల కట్ట. కాంబో అంటే ఏమిటో కాసేపట్లో చెప్తాను.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. మొదటి కాంబో డెక్ కట్టేవాళ్లకి నేను చెప్పేది పాపర్ ఫార్మాట్‌లోని వాల్స్ కాంబో. దానికి ఒక గట్టి లోపం ఉంది, అదీ చూపిస్తాను. అయినా ఇదే కట్టమంటాను. ఎందుకో వినండి.

ఫార్మాట్ అంటే ఏ కార్డులు వాడొచ్చో చెప్పే ఆట పద్ధతి. పాపర్ అంటే ఎప్పుడో ఒకప్పుడు కామన్‌గా, అంటే సులువుగా దొరికే రకంగా, ముద్రించిన కార్డులు మాత్రమే వాడే ఫార్మాట్. డెక్‌లో కనీసం 60 కార్డులు, బేసిక్ ల్యాండ్‌లు అనే మామూలు భూమి కార్డులు తప్ప ఒక్కో కార్డు నాలుగు కాపీలకు మించకూడదు, పక్కన సైడ్‌బోర్డు (ఆటకీ ఆటకీ మధ్య మార్చుకోవడానికి ఉంచుకునే కార్డులు) 15. చాలా ఏళ్లు ఆటగాళ్లే నడుపుకున్న ఈ పద్ధతిని ఆట తయారుచేసే కంపెనీ విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ 2019లో అధికారిక ఫార్మాట్ చేసింది. ఒక్క కార్డుకే వేలు పోయాల్సిన ఫార్మాట్‌లతో పోలిస్తే మనలాంటి ఊళ్లకి ఇదే సరిపోతుంది.

ఇప్పుడు కాంబో సంగతి. విడిగా చూస్తే మామూలుగా ఉండే రెండు కార్డులు, కలిస్తే ఆటని అక్కడికక్కడే ముగించేస్తాయి. బాగా పేరున్న జంట స్ప్లింటర్ ట్విన్, డిసీవర్ ఎగ్జార్క్. ట్యాప్ అంటే వాడుకున్నట్టు గుర్తుగా కార్డుని పక్కకి తిప్పడం, అన్‌ట్యాప్ అంటే మళ్లీ వాడేలా నిలబెట్టడం. ఎగ్జార్క్ బల్ల మీదికి వచ్చినప్పుడు మన కార్డు ఒకదాన్ని అన్‌ట్యాప్ చేస్తుంది. ట్విన్ తగిలించిన క్రీచర్ (పోరాడే జీవి కార్డు) ట్యాప్ అయితే, వెంటనే దాడి చేయగలిగే దాని కాపీ ఒకటి పుడుతుంది. ఆ కాపీ వస్తూనే అసలుదాన్ని అన్‌ట్యాప్ చేస్తుంది. మళ్లీ ట్యాప్, మళ్లీ కాపీ. కావలసినంత సైన్యం. 2011లో ఫిలడెల్ఫియా ప్రో టూర్ గెలిచింది ఈ డెక్కే. 2016 జనవరిలో మోడర్న్ ఫార్మాట్‌లో ట్విన్‌ని బ్యాన్ చేశారు. మళ్లీ వదిలింది 2024 డిసెంబరులో.

ఇలాంటి కథలు విన్నవాళ్లు ఆ రెండు కార్డులు నాలుగేసి పెట్టుకుని, మిగతా 52 చోట్లు చేతికొచ్చినవాటితో నింపేస్తారు. కాంబో డెక్ బాగుందా లేదా అన్నది తేలేది ఆ 52 దగ్గరే. నేను డెక్‌ని రివ్యూ చేసేటప్పుడు మొదట చూసేది కూడా వాటినే.

లెక్క చూద్దాం. 60 కార్డుల డెక్‌లో ఒక కార్డు నాలుగు కాపీలుంటే, ఆట మొదట్లో తీసుకునే ఏడు కార్డుల్లో కనీసం ఒకటి వచ్చే అవకాశం దాదాపు 40 శాతం. రెండు వేర్వేరు కార్డులూ ఆ ఏడింట్లోనే కావాలంటే 14.5 శాతం. సరే, నాలుగో టర్ను దాకా ఆగుదాం. మొదట ఆడేవాళ్లు మొదటి టర్నులో కార్డు తీయరు కాబట్టి నాలుగో టర్నుకి చూసేది పది కార్డులు. అప్పటికి రెండూ చేతికొచ్చే అవకాశం 26.5 శాతం. అంటే నాలుగు ఆటల్లో దాదాపు మూడింట్లో మీ కాంబో సమయానికి రాదు.

ఇప్పుడు ఆ రెండు పాత్రల్లో ఒక్కోదానికి నాలుగు బదులు ఎనిమిది కార్డులు ఉన్నాయనుకోండి. అసలు కార్డులు నాలుగు, దాని పని చేసేవో, దాన్ని వెతికి తెచ్చేవో ఇంకో నాలుగు. అదే నాలుగో టర్నుకి అవకాశం 61 శాతం అవుతుంది. 26 ఎక్కడ, 61 ఎక్కడ! రమ్మీ ఆడేవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఏడు, తొమ్మిది పట్టుకుని మధ్యలో ఎనిమిది కోసం కూర్చోవడం కన్నా, ఏడు, ఎనిమిది పట్టుకుంటే అటు ఆరు వచ్చినా ఇటు తొమ్మిది వచ్చినా సీక్వెన్స్ పడుతుంది. డెక్ కట్టేటప్పుడు వెతుక్కోవలసింది ఆ రెండు వైపులా తోడయ్యే ముక్కల్నే.

వాల్స్ డెక్ నాకెందుకు నచ్చిందో ఇప్పుడు చెప్తాను. ఈ కార్డు చూడండి, ఆక్స్‌బేన్ గార్డియన్. మూడు మానా, బలం సున్నా, ఓర్పు మూడు, డిఫెండర్. మానా అంటే కార్డులు వేయడానికి కట్టే శక్తి, ఓర్పు అంటే ఎంత దెబ్బకి చచ్చిపోతుందో ఆ లెక్క. ఇక డిఫెండర్ అంటే దాడికి వెళ్లదు, అడ్డంగా నిలబడుతుంది. దీన్ని ట్యాప్ చేస్తే మన దగ్గర ఎన్ని డిఫెండర్లు ఉంటే అంత మానా ఇస్తుంది, మనకి నచ్చిన రంగుల్లో. రెండో కార్డు ఫ్రీడ్ ఫ్రమ్ ద రియల్. ఇదీ మూడు మానాయే. క్రీచర్‌కి తగిలించాక, ఒక నీలం మానా కడితే ఆ క్రీచర్ అన్‌ట్యాప్ అవుతుంది.

గార్డియన్‌కి తోడు ఇంకొక్క డిఫెండర్ ఉంటే చాలు. ట్యాప్ చేస్తే రెండు మానా. అందులో ఒక నీలం కట్టి అన్‌ట్యాప్. ఒకటి మిగిలింది. మళ్లీ చేయండి, ఇంకొకటి మిగిలింది. దీనికి అంతు లేదు. అయితే ఎదుటి మనిషికి "అనంతం" అంటే కుదరదు, ఒక సంఖ్య చెప్పాలి: "ఇలా వెయ్యి సార్లు చేస్తున్నాను" అని. ఇంకో మాట, మానా ఒక ఫేజ్ (టర్నులో ఒక భాగం) నుంచి ఇంకో ఫేజ్‌కి నిలవదు. అందుకని ఇదంతా మెయిన్ ఫేజ్‌లోనే చేసి, అక్కడే ఖర్చు పెట్టాలి.

ఇక్కడ చాలామంది జారే చోటు ఒకటుంది. ఓవర్‌గ్రోన్ బాటిల్‌మెంట్ అని ఇంకో గోడ ఉంది. రెండు మానా, ఓర్పు నాలుగు, ఇదీ డిఫెండర్ల లెక్కనే మానా ఇస్తుంది. కాబట్టి ఫ్రీడ్‌ని దీనికి తగిలించినా పనవుతుందని అనుకుంటారు. అవ్వదు. బాటిల్‌మెంట్ ఇచ్చేది పచ్చ మానా ఒక్కటే, అన్‌ట్యాప్‌కి కావలసింది నీలం. బాటిల్‌మెంట్ పని మనల్ని గార్డియన్ దాకా తొందరగా చేర్చడం.

అసలు అందం ఈ రెండు కార్డుల్లో ఉంది. మొదటిది డ్రిఫ్ట్ ఆఫ్ ఫాంటాజమ్స్. మూడు మానాకి ఎగిరే గోడ, ఓర్పు ఐదు. దించకుండా చేతిలోంచే పారేసి, ట్రాన్స్‌మ్యూట్ ఖరీదు కడితే, లైబ్రరీలోంచి, అంటే ఇంకా తీయని కార్డుల దొంతరలోంచి, ఇంకో మూడు మానా కార్డుని వెతికి తెచ్చుకోవచ్చు. గార్డియన్ ఎంత? మూడు. ఫ్రీడ్ ఎంత? మూడు. ఏది లేకపోతే అది తెచ్చుకోవచ్చు. ఏమీ అక్కర్లేకపోతే అదే గోడగా దిగుతుంది. రెండోది షీల్డ్‌వాల్ సెంటినల్, 2022లో వచ్చింది. ఇది బల్ల మీదికి దిగగానే లైబ్రరీలోంచి ఒక డిఫెండర్‌ని తెస్తుంది. గార్డియన్‌ని తేవచ్చు. ఫ్రీడ్ డిఫెండర్ కాదు కాబట్టి దాన్ని నేరుగా తేలేదు. కానీ డ్రిఫ్ట్‌ని తేగలదు, డ్రిఫ్ట్ ఫ్రీడ్‌ని తెస్తుంది! ఈ డెక్ లిస్టులో నన్ను కట్టిపడేసింది ఈ గొలుసే. వెతికే కార్డులు కూడా గోడలే, గోడలు కూడా మానాయే. కాంబో రాని రోజున కూడా ఖాళీగా కూర్చునే కార్డు చాలా తక్కువ.

మొదటి టర్నులో సరూలి కేర్‌టేకర్ అనే ఒక మానా గోడ, రెండో టర్నులో బాటిల్‌మెంట్, మూడో టర్నులో గార్డియన్, నాలుగో టర్నులో ఫ్రీడ్. అంతా కుదిరితే ఇదీ వరస. గార్డియన్ దిగిన టర్నులోనే ట్యాప్ అవ్వదు, ఒక టర్ను బతకాలి. అది గుర్తుపెట్టుకోండి, లోపం దగ్గర మళ్లీ వస్తుంది.

మానా వచ్చింది, దాంతో గెలవడం ఎలా? సీక్రెట్ డోర్. ఇదీ గోడే, అంటే సెంటినల్ దీన్నీ తేగలదు. ఐదు మానా కడితే డంజన్ అనే, గదులు గీసి ఉండే పక్క కార్డులో ఒక గది ముందుకు వెళ్తాం. లాస్ట్ మైన్ ఆఫ్ ఫాండెల్వర్ అనే డంజన్‌లో ఒక్కో దారి నాలుగు గదులు. మూడో గదిగా డార్క్ పూల్ ఎంచుకుంటే ప్రత్యర్థికి ఒక ప్రాణం తగ్గి మనకి ఒకటి పెరుగుతుంది. నాలుగో గదిలో ఒక కార్డు వస్తుంది. అంటే ఒక్క ప్రాణానికి 20 మానా. ఎదుటివాళ్ల 20 ప్రాణాలకి దాదాపు 400 మానా. కాంబో కుదిరితే ఆ 400 లెక్కే కాదు. కుదరకపోయినా బాటిల్‌మెంట్లు, గార్డియన్లు కలిసి టర్నుకి పది మానా ఇస్తుంటే టర్నుకి రెండు గదులు నడవచ్చు. నెమ్మదిగానే అయినా గెలిచే దారి అదీ ఒకటి.

ఇప్పుడు లోపం. సీక్రెట్ డోర్ పనిని మన టర్నులో, స్టాక్ ఖాళీగా ఉన్నప్పుడే (అంటే వేసిన కార్డేదీ ఇంకా అమలు కావలసి లేనప్పుడే) చేయగలం. గార్డియన్ ఓర్పు మూడు. లైట్నింగ్ బోల్ట్ ఒక ఎర్ర మానాకి కొట్టే దెబ్బ సరిగ్గా మూడు. పాపర్‌లో ఎర్ర డెక్‌లకి బోల్ట్ లేకుండా తెల్లారదు. మీరు ఫ్రీడ్ వేస్తారు, ప్రత్యర్థి అది తగలకముందే గార్డియన్ మీద బోల్ట్ వేస్తాడు. గార్డియన్ చచ్చిపోతుంది, తగిలించడానికి క్రీచర్ లేక ఫ్రీడ్ కూడా పోతుంది. వాళ్లది ఒక కార్డు, మనవి రెండు. ఫ్రీడ్ తగిలాక బోల్ట్ వేసినా అంతే. ఆ బోల్ట్ తగిలేలోపు వెయ్యి మానా తీయగలరు గానీ, ఆ క్షణంలో డోర్ తెరవలేరు. నీలం డెక్ అయితే వేస్తున్న కార్డుని రద్దు చేసే కౌంటర్‌స్పెల్ ఉంటుంది, ఎర్ర సైడ్‌బోర్డులో పైరోబ్లాస్ట్ ఉంటుంది. పైరోబ్లాస్ట్ ఒక్క మానాకి ఫ్రీడ్‌ని ఆపేస్తుంది.

దీనికి మందు రెండు రకాలు. సైడ్‌బోర్డులో హైడ్రోబ్లాస్ట్ నాలుగూ పెట్టుకోండి. ఒక నీలం మానాకి బోల్ట్‌నీ ఆపుతుంది, పైరోబ్లాస్ట్‌నీ ఆపుతుంది. రెండోది ఓపిక. నాలుగో టర్నులో కాంబో చేతిలో ఉందని నాలుగో టర్నులోనే వేయాలన్న రూలు లేదు. మన గోడల్లో ఓర్పు నాలుగు, ఐదు ఉన్నవి ఉన్నాయి కాబట్టి నేల మీద వచ్చే చిన్న క్రీచర్లని ఆపుతూ ఆగగలం. ఎదుటివాళ్లు మానా ఇచ్చే ల్యాండ్‌లన్నీ ట్యాప్ చేసిన టర్ను కోసం చూడండి. లేదా రెండో గార్డియన్ దిగేదాకా ఆగండి. గుణుపురం నుంచి వచ్చే ఆయన ఎర్ర డెక్‌తో ఆడతాడు. ఆయన ముందు తొందరపడితే ఈ డెక్ ఓడిపోతుంది, ఆగితే ఆట నిజంగా రసవత్తరంగా ఉంటుంది.

మన ఊళ్లలో కట్టుకునేవాళ్లకి రెండు మాటలు. నాకు తెలిసి ఇక్కడ విడి కార్డులు అమ్మే దుకాణం లేదు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సిందే. అందుకే కొనేముందు జిరాక్స్ షాపులో కార్డు బొమ్మలు ప్రింట్ తీయించి, 63 బై 88 మిల్లీమీటర్లకి కత్తిరించి, స్లీవ్‌లో మామూలు పేక ముక్క ముందు పెట్టి ఆడి చూడండి. స్నేహితుల మధ్య ప్రాక్టీసుకి ఇది హాయిగా పనికొస్తుంది. అధికారిక టోర్నమెంటులో మాత్రం ఒప్పుకోరు, అక్కడ అసలు కార్డులే ఉండాలి. ప్రింట్ తీసినదాన్ని అసలుదని ఎవరికైనా అమ్మడం మోసం, ఆ పని ఎప్పుడూ చేయకండి.

ఇంట్లో పెద్దవాళ్ల టెన్షన్ కూడా నాకు తెలుసు. చేతిలో ముక్కలు కనిపిస్తే పేకాట అంటారు, పందెం అంటారు. మీరు వాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని ఒక ఆట చూపించండి. డబ్బు పెట్టే చోటే లేదని, లెక్క, ఆలోచన ఉన్న ఆట అని వాళ్లకే కనిపిస్తుంది. మన పర్లాకిమిడి చేత్తో రంగులు వేసిన గుండ్రటి గంజపా ముక్కలకి పేరున్న ఊరు. ఎనిమిది రంగులు, రంగుకి పన్నెండు, మొత్తం 96 ముక్కల ఆటని గుర్తుపెట్టుకుని ఆడిన తాతలున్న చోట, 60 కార్డుల డెక్ మరీ కొత్త సంగతి కాదు. మా గుంపులో ఒక ఒడియా స్నేహితుడి తాతగారు ఇప్పుడు మా ఆట పక్కన కూర్చుని, ఎవరి చేతిలో ఏముందో ఊహించి చెప్తుంటారు. చాలాసార్లు సరిగ్గానే చెప్తారు.

కొనే వరస చెప్పి ముగిస్తాను. ముందు గార్డియన్, బాటిల్‌మెంట్, కేర్‌టేకర్ నాలుగేసి. ఇవి ఏ గోడల డెక్‌కైనా పనికొస్తాయి. తర్వాత ఫ్రీడ్, డ్రిఫ్ట్. ఆ తర్వాత సెంటినల్. సీక్రెట్ డోర్ సెంటినల్ తెస్తుంది కాబట్టి నాలుగు అక్కర్లేదు, ఒకటో రెండో చాలు. హైడ్రోబ్లాస్ట్‌ని చివరికి వదిలేయకండి, వీటితోపాటే తెప్పించుకోండి. పాతపట్నం, కాశీనగర్ వైపు ఉన్నవాళ్లు ప్రింట్ తీసిన డెక్‌తోనైనా ఆదివారం వచ్చేయండి, ఎర్ర డెక్ మీద మూడు ఆటలు ఆడి చూద్దాం.