పక్కింటావిడ మీ దగ్గర మనసు విప్పితే ఏం చెయ్యాలి?

[కెమెరా ఎదుట]

నమస్తే అండీ. సాయంత్రం మేడ మీద ఆరేసిన బట్టలు తీస్తున్నారు. పక్కింటావిడ వచ్చి, కరెంటు బిల్లు గురించీ నీళ్ళ గురించీ కాసేపు మాట్లాడి, ఉన్నట్టుండి "మా ఆయన మళ్ళీ తాగడం మొదలెట్టాడు వదినా" అంది. మీరేమంటారు?

మన నోట ముందుగా వచ్చే మాటలు దాదాపు అందరికీ ఒకటే. "ఏ ఇంట్లో లేదమ్మా?" "పిల్లల మొహం చూసి సర్దుకుపో." "ఫలానా గుడికి తీసుకెళ్ళి మొక్కించు." "మొదట్లోనే గట్టిగా ఉండాల్సింది." వీటిలో ఒక్కటీ చెడ్డ మనసుతో అన్న మాట కాదు. అయినా ఏది విన్నా ఆవిడ బట్టలు మడతపెట్టుకుని కిందికి వెళ్ళిపోతుంది. మళ్ళీ మీ దగ్గర ఆ ఊసెత్తదు.

డాక్టర్లం కాదు, కౌన్సెలింగ్ చదువుకోలేదు. మరి మనలాంటి సాటివాళ్ళం అలాంటప్పుడు ఏం చెయ్యగలం? చాలా చెయ్యగలమని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి కారణం కొందరు అవ్వలు. వాళ్ళు మన ఊళ్ళవాళ్ళు కాదు, జింబాబ్వే దేశపు హరారే నగరంలో ఉంటారు.

[మ్యాప్: ఆఫ్రికా, జింబాబ్వే, హరారే]

అక్కడ డిక్సన్ చిబాందా అనే మానసిక వైద్యుడున్నారు. దేశం మొత్తానికీ మానసిక వైద్యుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, వాళ్ళలో ఆయన ఒకరు. 2005లో ఆయన చూస్తున్న ఒక యువతి ఆత్మహత్య చేసుకుంది. మళ్ళీ ఒకసారి చూపించుకోవాల్సింది. బస్సు ఛార్జీకి 15 డాలర్లు లేక ఇంట్లోవాళ్ళు తీసుకురాలేకపోయారు. ఆసుపత్రికి రాలేనివాళ్ళ దగ్గరికి వైద్యమే ఎలా వెళ్ళాలన్న ప్రశ్న అప్పుడు ఆయన్ని పట్టుకుంది.

ఎంబారే అనే పేదల పేటలో ఆయనకు గది దొరకలేదు, నర్సులూ దొరకలేదు. దొరికింది 14 మంది అవ్వలు, క్లినిక్ బయట కాస్త చోటు. ఆ అవ్వలు అప్పటికే ఇంటింటికీ తిరిగి ఆరోగ్యం గురించి చెప్పే కార్యకర్తలు. 2006లో చెట్టు కింద బల్ల వేసి మొదలుపెట్టారు. డాక్టరుగారు దాన్ని మానసిక ఆరోగ్యపు బల్ల అందామనుకున్నారు. అవ్వలు ఒప్పుకోలేదు. ఆ పేరు పెడితే దాని మీద ఎవరూ కూర్చోరన్నారు. అలా అది స్నేహపు బల్ల అయింది. డాక్టరు ఆ పేట ఆడవాళ్ళ మాట విన్నాడు చూడండి, నా లెక్కలో ఆ పని సగం గెలిచింది అక్కడే.

బల్ల దగ్గరికి వచ్చేవాళ్ళు చెప్పేవి మనకు తెలియని కష్టాలేమీ కావు. భర్త కొడుతున్నాడు, అద్దె కట్టలేదు, హెచ్‌ఐవి అని తేలింది, అత్తింట్లో మాట పడలేకపోతున్నాను, ఆలోచనలు ఆగక నిద్ర పట్టడం లేదు. అవ్వ అంతా వింటుంది. ఉన్న చిక్కులన్నీ బయట పెట్టిస్తుంది. అందులోంచి ఒక్కటి ఏరుకోమంటుంది. దానికి ఈ వారం చెయ్యగలిగిన పని ఏమిటో వచ్చినామె చేతే చెప్పిస్తుంది. మళ్ళీ వారం రమ్మంటుంది. ఇలా ఆరుసార్ల దాకా. ఆ తర్వాత అదే దారిలో నడిచిన ఆడవాళ్ళ గుంపులో చేరుస్తారు. వాళ్ళంతా కూర్చుని పాత ప్లాస్టిక్‌తో సంచులు అల్లుకుంటూ మాట్లాడుకుంటారు. చేతికి పనీ, చేతిలో నాలుగు డబ్బులూ.

[తెర మీద: 573 మంది, ఆరు నెలలు]

ఇది పనిచేస్తుందా అని 573 మందితో పరీక్షించి, ఫలితాలు 2016లో అమెరికా వైద్య పత్రిక జామాలో ప్రచురించారు. ఆరు నెలల తర్వాత చూస్తే, మామూలు వైద్యం అందినవాళ్ళలో సుమారు సగం మందికి డిప్రెషన్ లక్షణాలు ఇంకా ఉన్నాయి. అవ్వల దగ్గర కూర్చున్నవాళ్ళలో అలా ఉన్నది సుమారు 14 శాతం మందికే.

[పాత నెల్లూరు జిల్లా మ్యాప్, దూబగుంట]

ఇక మన దగ్గరికి వద్దాం. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో ఆడవాళ్ళు రాత్రిబడికి వెళ్ళి అక్షరాలు దిద్దుకునేవాళ్ళు. సారా మీద తిరగబడ్డ దూబగుంట రోశమ్మ పేరు మీరు వినే ఉంటారు. సారా దుకాణాల్ని మూయించడం, వేలంపాటల్ని అడ్డుకోవడం, చివరికి 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం, ఇదంతా చరిత్రలో ఉంది. నేను చెప్పదలచుకున్నది దానికి ముందు జరిగిన సంగతి. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్ళు దీపం చుట్టూ కూర్చుని, పాఠంలో సారా వల్ల చితికిపోయిన సంసారం గురించి చదివి, ఇది మా ఇంటి సంగతే అనుకున్నారు. పక్కామె కూడా అదే అంది.

"ఏ ఇంట్లో లేదమ్మా" అని మనమూ అంటాం. అక్కడితో తలుపు వేసేస్తాం. వాళ్ళు ఆ మాటకు "మా ఇంట్లోనూ ఉంది, ఏం చేద్దాం?" అని కలిపారు. తేడా అదే.

[ఇద్దరు ఆడవాళ్ళు, వంటగది గడప దగ్గర]

ఇప్పుడు చిన్న సంభాషణ చూద్దాం. ఇది మేం రాసుకున్నదే. ఒకమ్మాయి, ఎదురింటి పిన్ని.

అమ్మాయి: అత్తయ్యకి పక్షవాతం వచ్చి మంచాన పడ్డారు కదా పిన్నీ. పొద్దున ఆవిడ పనులు, పగలు ఆఫీసు, రాత్రి మళ్ళీ ఆవిడే. మా ఆడపడుచు ఫోన్ చేసి అమ్మని సరిగ్గా చూడట్లేదంటుంది. నిన్న పాపని ఊరికే కొట్టాను.

పిన్ని: (కాసేపు ఆగి) ఎన్నాళ్ళ నుంచమ్మా ఇలా?

అమ్మాయి: దసరా నుంచి.

పిన్ని: ఇంకేముంది మనసులో? అంతా చెప్పు.

అమ్మాయి: డబ్బులు. ఉద్యోగం మానేయమని మావయ్యగారు. మా ఆయన పట్టించుకోరని కాదు, అడిగితే చేస్తారు. అడగందే కదలరు.

పిన్ని: ఇన్నిట్లో ఏదొకటి కాస్త తేలికపడితే నీకు ఊపిరాడుతుంది?

అమ్మాయి: (ఆలోచించి) నిద్ర. రెండు గంటలకోసారి లేచి ఆవిణ్ణి పక్కకి తిప్పాలి, లేకపోతే పుళ్ళు పడతాయన్నారు.

పిన్ని: మా మామగారికి నేనూ చేశాను. ఆ నిద్రలేమి నాకు తెలుసు. ఈ వారం ఏం చెయ్యగలవు?

అమ్మాయి: శుక్ర, శనివారాలు రాత్రి ఆయన్ని లేవమంటాను.

పిన్ని: ఎప్పుడు అడుగుతావు? ఏమని అడుగుతావు? నాతో అని చూడు.

[కెమెరా ఎదుట]

ఈ ఆఖరి మాట చూడండి. భర్తని అడగడం మనకు చిన్న విషయంలా కనిపిస్తుంది. ఆ అమ్మాయికి నోరు రాని పని అదే. ఒకసారి పిన్ని ముందు పైకి అనేస్తే, రేపు ఇంట్లో సగం భయం తగ్గుతుంది. "మంగళవారం వస్తాను, ఎలా జరిగిందో చెప్పు" అని పిన్ని రోజు కూడా చెప్పి వెళ్ళాలి. చెప్పిన రోజున వెళ్ళాలి.

ఇంకొకటి గమనించారా? మనమైతే ముందు ఆడపడుచు మీద పడతాం. పిన్ని ఆవిణ్ణి ఒక్క మాటా అనలేదు. అంటే ఆ పూటకి హాయిగా ఉండేది. కానీ రేపు ఆ అన్నాచెల్లెళ్ళు మళ్ళీ ఒకటవుతారు, మధ్యలో నలిగేది ఈ అమ్మాయే. తన సొంత కథ కూడా పిన్ని రెండు ముక్కల్లో ఆపేసింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నారు కదా, మనకి జరిగింది కూడా ఉంటే ఆ చెప్పడానికి అంతుండదు. అవతలివాళ్ళకి ఒంటరిని కానని తెలిసేంత చెబితే చాలు.

విన్నది గుట్టుగా ఉంచాలని వేరే చెప్పక్కర్లేదు. పేరు చెప్పకుండా చెప్పినా చెప్పినట్టే. "మా అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ" అన్నారంటే మూడో అంతస్తుకు చేరేలోపు ఎవరో తెలిసిపోతుంది.

[ఇద్దరు నడివయసు మగవాళ్ళు, టీ కొట్టు]

గుట్టు మాట వచ్చింది కాబట్టి ఇంకో సందర్భం చెబుతాను. మీ చిన్ననాటి స్నేహితుడు టీ కొట్టు దగ్గర, గ్లాసు వైపే చూస్తూ, "మావాడు తనకి అబ్బాయిలంటేనే ఇష్టమంటున్నాడురా. డాక్టరుకి చూపిస్తే మారతాడా?" అన్నాడు. అతను మిమ్మల్ని అడుగుతున్నాడంటే ఇంకెవర్నీ అడగలేకపోయాడని అర్థం. నవ్వకండి, తిట్టకండి, మాట మార్చకండి.

మీకు నిజాలు తెలిసి ఉండాలి. ఇది జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే రోగాల జాబితా నుంచి తీసేసింది. మన దేశపు మానసిక వైద్యుల సంఘం 2018లో ఇదే మాట చెప్పింది. అదే ఏడాది సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు, వయసొచ్చినవాళ్ళ మధ్య ఇష్టపూర్వకమైన సంబంధం నేరం కాదని తీర్పిచ్చింది. మారుస్తామని చికిత్స చేసే డాక్టర్లది వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో తేల్చింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల విషయంలో, తాము ఎవరో తామే చెప్పుకునే హక్కుని సుప్రీంకోర్టు 2014 తీర్పులోనే గుర్తించింది.

కానీ ఇవన్నీ మొదటి నిమిషంలో అప్పజెప్పకండి. "నీతో చెప్పాడంటే వాడికి నీ మీద ఎంత నమ్మకంరా" అనండి. ఆ తండ్రి ఇప్పటిదాకా పోగొట్టుకున్నదే లెక్కపెట్టుకుంటున్నాడు. కొడుకు తన దగ్గరికే వచ్చాడన్న సంగతి అతనికి తట్టి ఉండదు. ఆ తర్వాత, ఇంట్లో ఇంకెవరికి చెప్పాలన్నది ఆ అబ్బాయిని అడిగే నిర్ణయించమనండి. బాబాయికో మేనత్తకో మీరే ముందు చేరవేస్తే, ఆ అబ్బాయికి ఇంట్లో ఉండడమే కష్టం కావచ్చు.

[తెర మీద: 112, 181, 14416]

మన చేతిలో లేనివీ ఉన్నాయి. దెబ్బలు కనిపిస్తే, ప్రాణభయం ఉందంటే, సర్దిచెప్పే పని పెట్టుకోవద్దు. అత్యవసర నంబరు 112కి ఫోన్ చెయ్యండి. మహిళల హెల్ప్‌లైన్ 181. గృహహింసపై 2005 నాటి చట్టం ప్రకారం ఇంట్లో ఉండే హక్కు, రక్షణ ఉత్తర్వులు అడగొచ్చు. దానికి సాయపడటానికే ప్రొటెక్షన్ ఆఫీసర్లుంటారు. ఆవిడ బయటికి రావడానికి సిద్ధంగా లేకపోతే నిందించకండి. నంబర్లు ఆమె కంఠతా పట్టేలా చూడండి, ఆమె ఫోన్లో భర్త చూడొచ్చు.

"నేను లేకపోతే అందరికీ హాయి" లాంటి మాట వినబడితే, "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగానే అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకండి. పురుగుమందు, మాత్రలు లాంటివి అందకుండా తీసేయండి. ఇంట్లో నమ్మకమైన మనిషిని పిలిపించండి. టెలీ మానస్ 14416కి మీరే పక్కన కూర్చుని ఫోన్ కలపండి. మనసు బాగోలేనివాళ్ళకి ఫోన్లో సాయం చెయ్యడానికి 2022 అక్టోబర్ 10న మొదలైన ప్రభుత్వ సేవ అది. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఈ ఒక్క చోట గుట్టు పక్కన పెట్టాలి, పెడుతున్నానని వాళ్ళతో చెప్పి మరీ పెట్టాలి.

మీ సంగతీ చూసుకోండి. వారానికి నలుగురి కష్టం విన్నాక మీకూ నిద్ర పట్టకపోవచ్చు. హరారే అవ్వల్ని కూడా ఒంటరిగా వదిలేయలేదు. వాళ్ళ వెనక వాళ్ళ కష్టం వినే మనుషులున్నారు, తోటి అవ్వలూ ఉన్నారు. మీ డ్వాక్రా సంఘంలోనో, వాకింగ్ స్నేహితుల్లోనో ఇలా వినే మనిషి ఇంకొకరుంటే ఇద్దరూ జతకట్టండి. విన్న విషయం, పేరు చెప్పక్కర్లేదు. "ఈ వారం నాకు బరువుగా ఉంది" అంటే చాలు.